బరువును బట్టి కొలత

లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. తూకంలో చెప్పుకుంటే గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. బంకులో మనం డబ్బు కట్టేది ఆ ఒక్క గ్రాముకే. మిగతాదానికి బిల్లు రాదు, మీటరు తిరగదు. అందుకే బండి పెట్రోలుతో నడుస్తుందని అంటాం. ఇంజన్లు విప్పి, మార్చి, వాటి బలం పెంచే పని చేసేవాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయొచ్చు, కాస్త పెద్ద ఇంజెక్టర్లు బిగిస్తే సరిపోతుంది. గాలిని లోపలికి రప్పించడమే కష్టం. ఫిల్టరు మార్చినా, క్యామ్‌షాఫ్టు మార్చినా, టర్బో తగిలించినా ఆ శ్రమంతా గాలి కోసమే. ఇంజన్ బలం ఎంతో తేల్చేది అది పీల్చే గాలి.

మన రోజుల లెక్క కూడా ఇలాగే రాసుకుంటున్నామేమో. ధర ఉన్నవన్నీ లెక్కలోకి వస్తాయి: జీతం, కిస్తీలు, ఫీజులు, కరెంటు బిల్లు. కంటినిండా పట్టిన నిద్రకు, పనేమీ పెట్టుకోకుండా అరుగు మీద కూర్చున్న కాసేపటికి, ఎవరో ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగిన మాటకు రసీదు ఉండదు. అందుకని అవి ఏ పద్దులోనూ పడవు. రోజు గడిచేది మాత్రం ఎక్కువగా వాటి మీదే. ఊపిరాడని ఇంజన్‌లో ఎంత పెట్రోలు పోసినా వచ్చేది పొగే.

కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్నవాళ్ళకు ఇందులో సగం ముందే తెలుసు. ఊదకపోతే పొగ కమ్ముకుంటుంది, మరీ గట్టిగా ఊదితే మంట ఆరిపోతుంది. ఇంజన్‌లోనూ రెండు వైపులా తప్పిపోవచ్చు. పెట్రోలు ఎక్కువైతే మెకానిక్కులు రిచ్ అంటారు, గాలి ఎక్కువైతే లీన్ అంటారు. రిచ్‌గా నడిచే బండికి ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తుంది, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేసి రింగులను అరగదీస్తుంది. లీన్ సంగతి వేరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కార్బురేటర్ల కాలంలో ఈ కొలత చాలావరకు మనిషి చెవిలోనూ కంట్లోనూ ఉండేది. 796 సీసీ మారుతి 800 మొదట్లో కార్బురేటర్ బండే. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మెకానిక్ ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, సన్నని స్క్రూడ్రైవరుతో మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ చప్పుడు వినేవాడు. చప్పుడు ఎగుడుదిగుడు లేకుండా నిండుగా వచ్చిన చోట చెయ్యి ఆపేవాడు. తర్వాత బండిని కొంత దూరం తిప్పుకొచ్చి ప్లగ్గు విప్పి చూసేవాడు. కొన మసి పట్టి ఉంటే రిచ్, తెల్లగా కాలి ఉంటే లీన్, బిస్కెట్ రంగులో ఉంటే బండి బాగున్నట్టు. అయితే ఆ స్క్రూ సరిచేసేది బండి నిలబడి ఉన్నప్పటి మిశ్రమాన్నే. పరుగెత్తేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత ఇవ్వాలో వేరే జెట్లు చూసుకునేవి.

ఇప్పటి బండ్లలో ఆ పని ఈసీయూ అనే చిన్న కంప్యూటరుది. దాని లోపల ఒక పట్టిక ఉంటుంది, మ్యాప్ అంటారు. ఒక పక్క ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, ఇంకో పక్క దాని మీద ఎంత బరువు పడుతోందో ఉంటాయి. అటు 16, ఇటు 16 అనుకుంటే 256 గడులు. ఆ పరిస్థితిలో ఎంత పెట్రోలు చల్లాలో తేల్చే అంకె ఒక్కో గడిలో ఒక్కోటి ఉంటుంది. కంపెనీ ఇంజనీర్లు ఎండలోనూ చలిలోనూ బండిని నడిపి చూసి ఈ గడులు నింపుతారు. ఆ అంకెలన్నీ ఆ ఇంజన్ అప్పుడు పీల్చే గాలికి సరిపోయేవి. దానికి టర్బో తగిలించామంటే లోపలికొచ్చే గాలి మారిపోతుంది, మ్యాప్‌లో మాత్రం పాత అంకెలే ఉంటాయి. మార్చిన ఇంజన్ పాడైపోయినప్పుడు తప్పు తరచుగా బిగించిన సామానులో దొరకదు, తిరగరాయని అంకెల్లో దొరుకుతుంది.

మనమూ జీవితానికి కొత్తవి తగిలించుకుంటూనే ఉంటాం. పెళ్ళి, ప్రమోషన్, ఊరు మారడం, బిడ్డ పుట్టడం, పెద్దవయసులో అమ్మానాన్నలు మన దగ్గరికి వచ్చేయడం. ఫోటోలు తీసుకునేది ఆ రోజునే. ఆ తర్వాత ఎవరూ చూడని పని ఒకటి మిగులుతుంది. నిద్రకు ఎంత, మాటకు ఎంత, డబ్బుకు ఎంత, ఎవరి ఖాళీ వాళ్ళకు ఎంత అని గడి గడీ మళ్ళీ నింపుకోవాలి. బిడ్డ పుట్టి ఏడాది దాటినా పెళ్ళికి ముందరి మ్యాప్‌తోనే నడుస్తున్న ఇళ్ళు ఉంటాయి. ఆ ఇంట్లో చెడ్డవాళ్ళెవరూ ఉండరు. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేదనీ కాదు. అంకెలు పాతవి, అంతే.

గడులు నింపే పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. బండిని ఇంజన్ బలం కొలిచే డైనో రోలర్ల మీదకు ఎక్కించి పట్టీలతో కట్టేస్తారు, రేడియేటరు ముందు పెద్ద ఫ్యాను పెడతారు. మ్యాప్ తిరగరాసే ట్యూనర్ ఇంజన్‌ను 3,000 చుట్ల దగ్గర, ఒకే బరువు కింద నిలబెడతాడు. తెర మీద లాంబ్డా అనే అంకె కనిపిస్తుంది. పెట్రోలు మొత్తం మండడానికి కావలసినంత గాలి సరిగ్గా ఉంటే అది 1. గాలి తక్కువైతే ఒకటికి లోపల, ఎక్కువైతే ఒకటికి పైన. ఈ గడిలో అతనికి కావలసింది 0.88. తెర 0.95 చూపిస్తోంది. 0.95ను 0.88తో భాగిస్తే 1.08. ఆ గడికి 8 శాతం పెట్రోలు పెంచుతాడు. పెంచి ఆగుతాడు. సిలిండరులో మండిన వాయువు పైపు వెంట సెన్సరు దాకా చేరి, కొత్త అంకె నిలకడగా నిలిచేదాకా ఇంకేదీ ముట్టుకోడు. తర్వాత పక్క గడి. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, మార్చాక ఆగి చూడటం. ఇంట్లో ఏదైనా సరిదిద్దుకోవాలనుకున్నప్పుడు మనం ఒకేసారి నాలుగు మార్చేస్తాం. లేచే వేళ, తిండి, ఫోను, వ్యాయామం అన్నీ సోమవారం నుంచే. ఏది పనిచేసిందో ఏది దెబ్బకొట్టిందో తెలియక వారం తిరక్కుండానే అన్నిటినీ వదిలేస్తాం.

అసలు విషయం ఆ 0.88లో ఉంది. 14.7 సరైన నిష్పత్తి అయినప్పుడు, అంటే లాంబ్డా 1 సరైనదైనప్పుడు, గడులన్నిటికీ అదే రాసేస్తే పోదా అని మొదటిసారి వినేవాళ్ళు అడుగుతారు. టర్బో బిగించిన బండిలో విశాఖపట్నం నుంచి అరకు దాకా మిశ్రమం మీటరు చూస్తూ వెళ్తే జవాబు దొరుకుతుంది. ఊళ్ళో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు 14.7 అటూ ఇటూగా ఆడుతుంది. ఊరు దాటి శృంగవరపుకోట వైపు చదును రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు ట్యూనర్ దాన్ని 15.5 దాకా వదలవచ్చు. బరువు లేదు కాబట్టి వేడి లేదు. కాస్త తక్కువ పెట్రోలుతో కాస్త ఎక్కువ దూరం.

ఆ పొదుపు మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో 1944లో పసిఫిక్ దీవుల్లో అమెరికన్ పైలట్లు చూశారు. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా ఎగిరి పేరు తెచ్చుకున్న చార్లెస్ లిండ్‌బర్గ్ అప్పుడు అక్కడ వాళ్ళతో కలిసి పీ-38 యుద్ధ విమానాలు నడిపాడు. అంతే దూరం వెళ్ళి వచ్చినా అతని ట్యాంకులో మిగతావాళ్ళకంటే ఎక్కువ ఇంధనం మిగిలేది. చుట్లు తగ్గించి, మ్యానిఫోల్డు ఒత్తిడి పెంచి, మిశ్రమాన్ని లీన్‌లో పెట్టి నడపడం అతని పద్ధతి. ఇంజన్లు పాడైపోతాయని పైలట్లు భయపడ్డారు. పాడవలేదు. అవే విమానాలు, అవే ట్యాంకులు మునుపు అందని దూరాలకు వెళ్ళివచ్చాయి. అయితే ఆ పద్ధతి దారి ప్రయాణానికే. శత్రువు విమానం ఎదురైతే మిశ్రమం మళ్ళీ రిచ్‌లోకి రావలసిందే.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. సముద్రం ఒడ్డు నుంచి బయల్దేరిన బండి సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కగానే టర్బో గాలిని కుక్కుతుంది, మీటరు 11.8కి దిగుతుంది. అంటే ఆ గాలికి సరిపోయేదానికంటే నాలుగో వంతు ఎక్కువ పెట్రోలు లోపలికి వెళ్తోంది. ఆ ఎక్కువకు ఆక్సిజన్ లేదు, అది పూర్తిగా మండదు. మండదని తెలిసే ట్యూనర్ ఆ గడిలో అంత రాశాడు. ఆ పెట్రోలు ఆవిరి అవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, మంటను కాస్త చల్లబరుస్తుంది, నాకింగ్ రాకుండా కాపాడుతుంది. మైలేజీ లెక్కలో అది శుద్ధ దండగ. పిస్టన్ బతికేది ఆ దండగ మీదే.

సిలిండరు లోపల మంట వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పిస్టన్ చేసేదేమో దానితోనే. అయినా కరగకపోవడానికి కారణాలున్నాయి. రింగులు వేడిని గోడలకు పంపేస్తుంటాయి, కింది నుంచి ఆయిలు లాగేస్తుంటుంది. ఇంకొకటి, లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే పలుచని వాయువు పొర మంటకూ పిస్టన్‌కూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఎత్తు ఎక్కుతున్న ఇంజన్‌కు పెట్రోలు తగ్గితే వేడి పెరిగి, ఇంకా మంట చేరని మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. ఆ దెబ్బకు పలుచని పొర చెదిరిపోతుంది. ఆ తర్వాత మంట నేరుగా లోహాన్ని తాకుతుంది.

ఇందాక వదిలేసిన లీన్ సంగతి ఇదే. రిచ్ తప్పు పొగతో, వాసనతో, నల్లబడ్డ ప్లగ్గుతో తనను తాను చాటుకుంటుంది. బరువు కింద లీన్ అలా చాటుకోదు. పొగ ఉండదు. బండి చురుగ్గా, తేలిగ్గా లాగుతున్నట్టే ఉంటుంది. పెట్రోలు కూడా ఆదా అవుతోందని యజమాని సంతోషిస్తాడు. ఎంత వేడిలో నడుస్తోందో పిస్టన్ అంచు కరిగాక గానీ తెలియదు.

మనుషుల్లో దీన్ని నేను చూశాను, మీరూ చూసి ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళకు జబ్బు చేసి ఆసుపత్రి చుట్టూ తిరిగే రోజుల్లో, కోతల రోజుల్లో, పిల్ల పెళ్ళి పనుల్లో, ఆఫీసులో లెక్కలు మూసే మార్చి నెలలో మనం ముందుగా కోసేసేవి నిద్ర, వేళకు తిండి, నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకునే కాసేపు. బరువు పెరిగింది కదా, మిగతావి తగ్గిద్దాం అనుకుంటాం. అలా తగ్గించుకున్న మనిషి మొదట్లో చాలా చురుగ్గా కనిపిస్తుంది కూడా. పనులు చకచకా అయిపోతుంటాయి. అంతా ఒంటిచేత్తో నెట్టుకొస్తోందని చుట్టాలు మెచ్చుకుంటారు. లోపల పలుచని పొర ఒకటి చెదిరిపోతోందని ఆమెకూ తెలియదు, మెచ్చుకునేవాళ్ళకూ తెలియదు.

బరువు లేని రోజుల్లో మాత్రం మన చేయి ధారాళం. సెలవుల్లో అవసరానికి మించిన తిండి, అవసరానికి మించిన నిద్ర, అవసరానికి మించిన కొనుగోళ్ళు. చదును రోడ్డు మీద రిచ్, ఘాట్‌లో లీన్. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, కొలతను మనం తలకిందులుగా పట్టుకున్నాం. బరువు లేనప్పుడు తక్కువతో సరిపెట్టుకోవడం నేర్చుకోవాలి. బరువు పడినప్పుడు లెక్కకు మించి ఇవ్వడం నేర్చుకోవాలి, ఎదుటివాళ్ళకూ, మనకూ. ఆసుపత్రి వరండాలో కాపలా ఉన్న తమ్ముడికి ఇంటి నుంచి వేడన్నం క్యారేజీ తీసుకెళ్తే లోపలున్న రోగికి జబ్బు తగ్గదు. అన్నం కింద క్యాంటీన్‌లోనూ దొరుకుతుంది. అయినా తీసుకెళ్ళాలి. పరీక్షల ముందు రాత్రి పిల్లవాడి పక్కన ఒక పెద్ద మనిషి ఊరికే కూర్చున్నంత మాత్రాన మార్కులు పెరగవు. అయినా కూర్చోవాలి. వేడిని లాక్కోవడానికే ఇచ్చేవి కొన్ని ఉంటాయి, వాటిని ఫలితం లెక్కలో చూడకూడదు.

అరకు నుంచి తిరిగి దిగేటప్పుడు మీటరు ఇంకో వింత చూపిస్తుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈసీయూ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. ముల్లు లీన్ వైపు చివరికి వెళ్ళి కూర్చుంటుంది. ఎక్కేటప్పుడు ఆ అంకె కనిపిస్తే ఇంజన్ పోయినట్టే. దిగేటప్పుడు దానివల్ల ఏ హానీ లేదు, ఎందుకంటే లోపల మంటే లేదు. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి, ఇంజన్ బండిని పట్టి నెమ్మదిగా దింపుతుంది. కాబట్టి ఏ అంకెనైనా మంచిదా చెడ్డదా అని విడిగా తేల్చడానికి లేదు. ఎంత బరువు కింద అన్నది కూడా తెలియాలి. ఒక మనిషి ఈ మధ్య ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదని తప్పుపట్టే ముందు ఆ మనిషి ఎక్కుతున్నాడో దిగుతున్నాడో చూడటం న్యాయం.

ఈ అంకెలు చెప్పే సాక్షి గురించి కూడా కొంత తెలుసుకోవాలి. లాంబ్డా సెన్సరును బాష్ కంపెనీ 1976లో తయారుచేయడం మొదలుపెట్టింది, అది మొదట అమెరికా వెళ్ళే వోల్వో కార్లకు ఎక్కింది. అందులో ఉండేది జిర్కోనియా పింగాణీ. దానికి ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క ఇంజన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో తేడా ఉంటే చిన్న వోల్టేజీ పుడుతుంది. ఎంత తేడాకు ఎంత వోల్టేజీ అన్న సూత్రం వాల్టర్ నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లోనే రాసిపెట్టాడు. పాత రకం సెన్సరు రిచ్ అనో లీన్ అనో మాత్రమే చెప్పేది, ట్యూనర్లు వాడే వైడ్‌బ్యాండ్ రకం ఎంత అన్నది కూడా చెబుతుంది. ఏ రకమైనా బాగా వేడెక్కితే గానీ నోరు విప్పదు.

గుర్తుంచుకోవలసిందేమిటంటే, అది పెట్రోలును చూడదు. మిగిలిపోయిన ఆక్సిజన్‌నే చూస్తుంది. ఒక ప్లగ్గు సరిగ్గా నిప్పు వేయక బండి మిస్సింగ్ కొడుతోందనుకుందాం. ఆ సిలిండరులో గాలీ, పెట్రోలూ రెండూ మండకుండానే బయటికి పోతాయి. సెన్సరుకు బోలెడు ఆక్సిజన్ కనిపిస్తుంది, లీన్ అని చెబుతుంది. ఆ మాట నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గు ఇంకా తడిసి ఇంకా మిస్ కొడుతుంది. సెన్సరుకు ముందు పైపు అతుకులో చిన్న చీలిక ఉన్నా బయటి గాలి దూరి ఇదే అబద్ధం చెప్పిస్తుంది. పెద్ద క్యామ్ వేసిన రేసు ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు రెండు వాల్వులూ కలిసి తెరుచుకుని ఉండే కాసేపట్లో తాజా గాలి నేరుగా పొగలోకి జారుతుంది, అప్పుడూ అంకె తప్పే. అందుకే అనుభవమున్న ట్యూనర్ మ్యాప్ తెరవక ముందు ప్లగ్గులు చూస్తాడు, గొట్టాల అతుకులు చూస్తాడు, ఇంజన్ చప్పుడు వింటాడు.

మనుషుల మధ్య కూడా మనకు కనిపించేది మిగిలిపోయిందే. సాయంత్రం ఇంటికొచ్చి చిన్నమాటకే కసురుకున్న భర్తను చూసి నా మీద ప్రేమ తగ్గిందని భార్య అనుకుంటుంది. ఫోన్ ఎత్తని కూతురిని చూసి దానికి మేం అక్కర్లేదని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ పూట అక్కడ తగ్గింది ప్రేమ కాకపోవచ్చు. ఉన్న ప్రేమకు నిప్పు తగలలేదు, అలసటో భయమో అడ్డుపడింది. అప్పుడు ఇంకా ఇంకా మాటలు పోస్తే తడిసిన ప్లగ్గు ఇంకా తడుస్తుంది. అవతలి మనిషి కాస్త తేరుకున్నాక, వేడిగా ఏదైనా తిన్నాక, అడిగితే అసలు కారణం తెలుస్తుంది.

రోడ్డు మీద మామూలుగా నడిచే కంపెనీ బండిలో ఇంకో విశేషం ఉంది. లాంబ్డా 1 దగ్గర అది ఎప్పుడూ నిలబడి ఉండదు. సెన్సరు లీన్ అనగానే ఈసీయూ పెట్రోలు పెంచుతుంది, రిచ్ అనగానే తగ్గిస్తుంది. నడిచినంతసేపూ ఒకటికి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. సైలెన్సరుకు ముందుండే క్యాటలిటిక్ కన్వర్టరుకు కావలసిందీ ఆ ఊగడమే. అందులోని సీరియం ఆక్సైడు లీన్ క్షణంలో ఆక్సిజన్‌ను దాచుకుని, రిచ్ క్షణంలో ఇస్తుంది. ఈసీయూ ఈ దిద్దుబాట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది కూడా. కొన్నాళ్ళుగా ఎప్పుడూ ఒకే వైపు, అదీ 10 శాతం మించి దిద్దుకోవలసి వస్తోందంటే ఎక్కడో గాలి లీకవుతోందనో, ఇంజెక్టరు పూడుకుందనో మెకానిక్ అర్థం చేసుకుంటాడు. రోజూ చేసే దిద్దుబాటు తప్పు కాదు, ఒక పూట కోపం ఒక పూట చల్లదనం ఏ ఇంట్లోనైనా ఉంటాయి. రోజూ ఒకే వైపు దిద్దుకోవలసి వస్తే మాత్రం చూసుకోవాలి. ప్రతి రాత్రీ నిద్రకు మాత్ర, ప్రతి నెలా అప్పు, ప్రతి మాటకూ ఒకే మనిషి క్షమాపణ. ఇవి సర్దుబాట్లుగా బాగానే నడుస్తాయి, లీకు ఎక్కడుందో వెతకనివ్వవు.

ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చడం కూడా ఇక్కడ పనికిరాదు. పెట్రోలుకు 14.7. సీఎన్‌జీకి 17 పైన. ఇథనాల్‌కు 9. 20 శాతం ఇథనాల్ కలిపి ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్న పెట్రోలుకు సుమారు 13.5. పక్కవాడి మీటరు 9 చూపిస్తోందని మన పెట్రోలు బండికీ అదే పెడితే అది దగ్గి ఆగిపోతుంది. అందుకే ట్యూనర్లు లాంబ్డాలో మాట్లాడుకుంటారు. ఈ ఇంధనానికి ఎంత అవసరమో, అందులో ఎంత అందిందో అదొక్కటే చూస్తుంది. ఒకరికి నలుగురు స్నేహితులు చాలు, ఒకరికి ఊరంతా కావాలి. ఒకరు ఆరు గంటల నిద్రతో తేరుకుంటారు, ఒకరికి ఎనిమిది కావాలి. తన అవసరమెంతో తెలుసుకున్న మనిషికి ఇతరుల లెక్క మీద కోపమూ ఉండదు, అసూయా ఉండదు.

డైనో మీద పని అంతా అయ్యాక బండి యజమాని అడిగే ప్రశ్న ఎక్కడైనా ఒకటే. "ఇంకో పది హెచ్‌పీ రాదా అన్నా?" ఒక ట్యూనర్ చెప్పిన జవాబు నాకు నచ్చింది. "వస్తుంది తమ్ముడూ. అది మే నెలకని ఉంచాను." షెడ్డులో ఫ్యాను గాలికి, మంచి పెట్రోలుతో వచ్చే ఆ పది, మే నెల మధ్యాహ్నం విజయవాడ ఎండలో, నాసిరకం పెట్రోలుతో, నలుగురు మనుషులతో, ఏసీతో ఎత్తు ఎక్కేటప్పుడు అక్కరకు రాదు. అప్పుడు అక్కరకు వచ్చేది వదిలేసిన పది. అందుకే అతను మిశ్రమాన్ని గరిష్ఠ బలం ఇచ్చే చోటికంటే కాస్త రిచ్ వైపు, ఇగ్నిషన్ టైమింగును ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టి పని ముగిస్తాడు. కాగితం మీద ఆ బండి అంకె కాస్త తక్కువగా ఉంటుంది. 

మనకు చేతనైనదంతా చేస్తూ ఉండటమే మంచి బతుకని చాలామంది అనుకుంటాం. చేతనైనదాంట్లో కొంత వాడకుండా ఉంచుకోవడం కూడా అందులో భాగమే. నెలలో నాలుగు సాయంత్రాలు ఎవరికీ మాట ఇవ్వకుండా ఉంచాలి. జీతంలో కొంత, ఓపికలో కొంత, ఇంట్లో ఒక మంచం, వంటలో ఒక మనిషి తిండి ఎక్కువగా ఉంచాలి. ఘాట్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పే బోర్డు మన దారిలో ఉండదు. తెల్లవారుజామున ఒక ఫోన్ వస్తుంది, ఆ రోజు నుంచి ఎక్కడమే. అప్పుడు లెక్కకు మించి ఇవ్వాలంటే, ఇవ్వడానికి మన దగ్గర ఏదో ఒకటి మిగిలి ఉండాలి.